సీతాబాయి ఎలుక

పోయిన వారం మనం కిరణ్మయిని మైక్రోస్కోపు ముందు వదిలేసి వచ్చాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కణ్ణుంచి లేవలేదు. అద్దం కింద ఉన్నది సీతాబాయి పేగులోంచి కోసి తీసి, ఎలుకల ఒంట్లో పెంచిన గడ్డ తాలూకు పలచటి పొర. దానిమీద వేసిన రంగుమందుకు ఒకటే గుణం ఉంది. మనిషి కణం తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది, ఎలుక కణమైతే నీలంగానే ఉండిపోతుంది. సీతాబాయి గడ్డ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలంగా ఉంది.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఖాజాగూడ గుట్టలకు ఎదురుగా ఉన్న అద్దాల మేడల్లో ఒకదాంట్లో, పై అంతస్తులో, కిరణ్మయి పనిచేసే ల్యాబ్ ఉంది. క్యాన్సర్ రోగి గడ్డలోంచి ఆపరేషన్ నాడు చిన్న ముక్క తెచ్చి, ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి లేకుండా పుట్టించిన బోడి ఎలుకల చర్మం కింద నాటుతారు. అది పెరిగాక కోసి, మరికొన్ని ఎలుకలకు నాటి, గుంపుకో మందు ఇచ్చి చూస్తారు. ఏ మందుకు గడ్డ కరిగిందో ఆ మందు పేరు డాక్టరుకు చెబుతారు. మనిషి పడాల్సిన కష్టం ముందు ఎలుక పడుతుందన్నమాట. చలికాలంలో సీతాబాయికి ఆపరేషన్ అయింది. ఎలుకల్లో మొదటి మందుకు గడ్డ కరిగింది, రెండో మందు దండగ అని ఈ ల్యాబే తేల్చింది. ఎండలు ముదిరినప్పటి నుంచీ ఆవిడ ఆ మొదటి మందే మింగుతోంది.

కిరణ్మయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ చూసింది. నీలమే. ఎక్కడ పొరపాటు జరిగిందో ఇప్పుడు ఆమెకు తెలుసు. మొదటి విడతలో నాటిన ఎలుకల్లో ఒక్కదాని గడ్డే పెరిగింది. అదీ బుసబుసా పెరిగింది. ఆ రోజు ల్యాబ్‌లో అందరూ సంబరపడి బిర్యానీ తెప్పించుకున్నారు. గడ్డ ఎంత తొందరగా పెరిగితే అంత సంతోషించే చోటు లోకంలో ఇదొక్కటే కాబోలు! ఆ సంబరంలో ఎవరికీ ఒక సంగతి గుర్తు రాలేదు. శక్తి లేని ఆ ఎలుకలకు అప్పుడప్పుడూ సొంత క్యాన్సర్ కూడా వస్తుంది, నాటిన చోటే వాచి కూర్చుంటుంది. అందుకే ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు మార్చేముందు రంగు వేసి చూసుకోవాలి. ‘ఆవిడకి టైము లేదండి, ముందు నాటేయండి, రంగు తర్వాత చూద్దాం’ అన్నాడు డైరెక్టర్ ఉదయ్ భాస్కర్. అది నిజంగా ఆవిడ మీద జాలితో అన్న మాటే. కిరణ్మయి నాటేసింది. ఆ ‘తర్వాత’ ఇవాళ వచ్చింది.

ఆమె గాజుపలక తీసి డబ్బాలో పెట్టుకుని ఉదయ్ భాస్కర్ గదికి వెళ్ళింది.

ఉదయ్ భాస్కర్ భీమవరం నుంచి చదువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. అతను గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఊడ్చే బుచ్చమ్మను కూడా ‘అండి’ అనే పిలుస్తాడు. బల్లమీద వాళ్ళక్క వాసంతి ఫొటో ఉంటుంది. వచ్చినవాళ్ళందరికీ ఆ ఫొటో చూపించి, ఈ ల్యాబ్ ఎందుకు పెట్టాడో చెబుతాడు. కిరణ్మయి ఉద్యోగంలో చేరిన రోజు ఆ కథ విని కళ్ళు తుడుచుకుంది.

ఆమె చెప్పిందంతా అతను పెన్ను తిప్పుతూ విన్నాడు.

“రంగు సరిగ్గా పట్టలేదేమోనండి. మళ్ళీ వేయించండి.”

“మూడుసార్లు వేశాను సార్. పక్కనే మనిషి టాన్సిల్ ముక్క పెట్టి వేశాను. అది గోధుమరంగుకు తిరిగింది. మనది తిరగలేదు.”

“అంటే?”

“అంటే ఆ ఎలుకల్లో సీతాబాయి గారి గడ్డ లేదు. ఏనాడో పోయింది. మనం ఎలుక జబ్బుని ఎలుకలకి ఎక్కించి, దానికి మందు కనిపెట్టి, ఆ మందు మనిషి చేత మింగిస్తున్నాం.”

ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ ఇప్పుడెలా ఉందని అడుగుతాడనుకుంది కిరణ్మయి.

“ఎవరెవరికి చెప్పారండి ఇది?”

“ఇంకా ఎవరికీ చెప్పలేదు.”

“మంచిది.”

“మంచిదేంటి సార్?” కిరణ్మయికి ఒళ్ళు మండింది. “ఆవిడ అరికాళ్ళ తోలు ఊడిపోతోంది. నోటినిండా పుళ్ళు, మజ్జిగ కూడా దిగట్లేదట. అయినా ఎలుకల్లో పనిచేసిందని రేపట్నుంచి డోసు పెంచుతారట. ఇదంతా మన మాట మీద భరిస్తోంది. ఆ రెండో మందు దండగని మనమే చెప్పాం. దండగ అయింది ఎలుక క్యాన్సర్‌కి! ఆవిడకి అదే పనిచేస్తుందేమో ఎవరికి తెలుసు?”

“మందు రాసింది డాక్టరు గారు కదండీ. మనది సలహా వరకే.”

“అయితే డాక్టరు గారికే చెబుదాం.”

“చెబుదాం. ఎలా చెప్పాలో ఆలోచించుకుని చెబుదాం.” అతని గొంతులో కోపం లేదు, తొందరా లేదు. “ఇవాళ మనం నోరు జారితే రేపట్నుంచి ఏ ఆస్పత్రీ మనకి గోరంత ముక్క కూడా పంపదు. లోపల ఇంకా ఎంతమందివి పెరుగుతున్నాయో మీకు తెలీదా? వాళ్ళందరి గతేంటి? ఒక్కరి కోసం అందర్నీ ముంచేద్దామా?”

“ఆ అందరివీ కూడా రంగు వేసి చూడాలి సార్.”

ఉదయ్ భాస్కర్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల ఎండకు రాళ్ళు తెల్లగా కాలిపోతున్నాయి. రోడ్డుమీద బైక్ టాక్సీ కుర్రాళ్ళు ఫ్లైఓవర్ నీడలో బళ్ళు ఆపుకుని నిలబడ్డారు.

“మా అక్కకి మందు మీద మందు మార్చారండి,” అన్నాడు, ఫొటో వైపు చూడకుండా. “ఒకటి పనిచెయ్యకపోతే ఇంకోటి. ఒక్కోదానికీ మనిషి సగమైపోయేది. సరైన మందు పేరు దొరికేసరికి అది ఎక్కించడానికి అక్క లేదు. అలా ఇంకెవరికీ జరక్కూడదనే కదా ఇదంతా.”

“ఇప్పుడు జరుగుతున్నది అదే సార్,” అంది కిరణ్మయి.

ఆ మాట తగిలినట్టే ఉంది. అతను కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత మెత్తగా అడిగాడు.

“ఆపరేషన్ నాటి అసలు ముక్క ఏమైనా మిగిలిందా?”

కిరణ్మయికి ప్రాణం లేచి వచ్చింది. తానూ అదే చెప్పాలనుకుంటోంది మరి. “ఉంది సార్! ఒక గొట్టంలో కొంచెం పక్కకి తీసి, చచ్చిపోకుండా నైట్రోజన్ ట్యాంకు చలిలో దాచాం. దాన్ని జాగ్రత్తగా కరిగించి, పలచగా కోసి, గాజుపళ్ళెంలో పెట్టి రెండు మందులూ వేసి చూద్దాం. ఎలుకలతో పనే లేదు. వారంలో ఏదో ఒకటి తేలుతుంది.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే సార్. అదొక్కటే ఆవిడది.”

“సరేనండి. నేను చూసుకుంటాను. మీరు పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు, వెళ్ళి భోంచేయండి.”

పెద్దవాళ్ళు ‘నేను చూసుకుంటాను’ అన్నప్పుడు ఏం చూసుకుంటారో ఒక్కసారి అడగాలి. కిరణ్మయి అడగలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయి, క్యాంటీన్‌కు వెళ్ళి పెరుగన్నం ముందు పెట్టుకుంది. రెండు ముద్దలు తిన్నదో లేదో, రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. సీతాబాయి, ఆవిడ కూతురు వచ్చి కూర్చున్నారట.

ఈ మేడలేవీ లేని రోజుల్లో సీతాబాయి ఇక్కడే బర్రెలు మేపింది. ఖాజాగూడలో సగం ఇళ్ళకు పాలు పోసింది. బర్రెలు పోయాయి, చేలు పోయాయి, కూతురు హర్షిణి చదువుకుని గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం తెచ్చుకుంది. నీ గడ్డను ఎలుకలో పెంచుతారమ్మా అని హర్షిణి మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, ‘నా రోగం అది మోస్తదా? పాపం గదనే!’ అంది. ఆ రోజే ఇంట్లో ఎలుకల బోను తీసి అటకమీద పడేసింది. అప్పట్నుంచీ ఇంట్లో ఎలుకలది ఇష్టారాజ్యం. హర్షిణి ల్యాప్‌టాప్ ఛార్జర్ తీగ కొరికేసినా ఆవిడ ఒక్క మాట అననివ్వలేదు. ఆషాఢంలో అమ్మవారికి బోనం ఎత్తినప్పుడు ల్యాబ్ ఎలుకల పేరున ఒక పిడికెడు విడిగా తీస్తానని మొక్కుకుంది కూడా.

ఎలుకల గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు. అందుకని వచ్చినప్పుడల్లా కిరణ్మయి ఫోన్‌లో వీడియో తీసుకొచ్చి చూపించేది. ఆవిడ ఆ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని చూసేది.

ఇవాళ సీతాబాయి సోఫా అంచున కూర్చుని ఉంది. కాళ్ళకు మెత్తటి పాత చీర ముక్కలు చుట్టి ఉన్నాయి. చెప్పులు హర్షిణి చేతిలో ఉన్నాయి. పోయినసారికీ ఇప్పటికీ మనిషి సగమైపోయింది.

“మంచిగున్నవా బిడ్డా? నా ఎలుక ఎట్లున్నది? తింటున్నదా?” నోట్లో పుళ్ళ వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది.

“రేపటి సంది డోసు పెంచుతమన్నరు మేడం,” అంది హర్షిణి. “అమ్మ ఏమో ముందుగాల ఎలుకను చూస్తనంటది. చూస్తెనే గోలీ మింగుతదట. ఎంత చెప్పినా ఊకుంటలేదు. ఇగ ఆఫీసుల చెప్పి తీస్కొచ్చిన.”

“చూస్తె జర ధైర్నమొస్తది బిడ్డా. గంత చిన్న పానం, అదే ఓర్సుకున్నది. నేను ఓర్సుకోనా? నోట్ల పుండ్లున్నా గట్లనే అనుకుంట మింగుతున్న.”

కిరణ్మయి జేబులో ఫోన్ ఉంది. అందులో నిన్నటి వీడియో ఉంది. చూపిస్తే ఆవిడ నవ్వుతుంది, లేచి వెళ్ళిపోతుంది, రేపు పెద్ద డోసు మింగుతుంది. ఎలా చెప్పాలో ఆలోచించుకుని చెబుదాం అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆలోచించడానికి ఇందులో ఏముంది? కిరణ్మయి ఆవిడ ముందు నేలమీద కూర్చుంది.

“అమ్మా, ఆ ఎలుకలో ఉన్నది మీ గడ్డ కాదు.”

ఇద్దరూ ఆమె వైపు చూశారు. కిరణ్మయి మొత్తం చెప్పింది. రంగు సంగతి, మొదటి ఎలుక సంగతి, చూసుకోకుండా తాను నాటిన సంగతి. ఏదీ తగ్గించలేదు. చెబుతున్నంతసేపూ హర్షిణి చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి.

“అంటే,” అంది హర్షిణి, మాటలు వెతుక్కుంటూ, “మీరు టెస్ట్ చేసింది మా అమ్మది గాదు.”

“కాదు.”

“ఎలుకది.”

“అవును.”

“నేను చేసేదే టెస్టింగ్ మేడం. మా తాన ఎవరిదో కోడు టెస్ట్ చేసి, మా కోడు పాసయిందని పంపిస్తె ఆ దినమే బయటికి నూకుతరు. ఉత్త యాప్‌లకే గట్ల ఉంటది. మీరు మనిషి మీద చేసిన్రు గదా!” హర్షిణి గొంతు హఠాత్తుగా పెరిగింది. రిసెప్షన్‌లో అమ్మాయి తల ఎత్తి చూసింది. “రాత్రయితె మంట మంట అని ఏడుస్తది. వద్దు బిడ్డా, నాతోని కాదు అంటది. ‘మింగమ్మా, ఎలుకల మంచిగ పనిచేసింది, నీకు గూడ చేస్తది’ అని నేనే మింగిపిచ్చిన. నోరు తెరిపిచ్చి, నా చేతులతోని మింగిపిచ్చిన మేడం!”

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది కిరణ్మయికి. క్షమించమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

“తప్పు మాది. నాది కూడా. ఇప్పుడే మీతో డాక్టరు గారి దగ్గరికి వస్తాను. ఆయనకి నేనే చెబుతాను. డోసు పెంచనివ్వను,” అంది.

సీతాబాయి ఇంతసేపూ కిరణ్మయి జేబులోంచి కనిపిస్తున్న ఫోన్ వైపే చూస్తోంది. మెల్లగా అడిగింది.

“ఐతె అది నా ఎలుక గాదా బిడ్డా?”

“కాదమ్మా.”

“పాపం. దాని రోగం దానికుంటె, నాది మోస్తున్నదనుకుంటి.” ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. “మరి నాదేది? నన్ను కోసి తీసి మీకిచ్చిన్రు గద. నాది యాడ వెట్టిన్రు?”

ఈ ఒక్క ప్రశ్నకు కిరణ్మయి దగ్గర జవాబుంది. పొద్దుటి నుంచీ ఆమెకు దొరికిన ఒకే ఒక మంచి మాట అది.

“ఉందమ్మా. మీది కొంచెం విడిగా దాచాం. మంచులో భద్రంగా ఉంది. ఈసారి ఎలుకలకి ఇవ్వం. ఆ ముక్కమీదే మందులు వేసి చూస్తాం. ఒక్క వారం ఓపిక పట్టండి, మీకు ఏ మందు పనిచేస్తుందో దాన్నే అడుగుదాం.”

“నిజమేనా?” అంది హర్షిణి. నమ్మాలని ఉంది, నమ్మకం లేదు.

“నా కళ్ళతో చూసి వచ్చి చెబుతాను. రెండు నిమిషాలు కూర్చోండి.”

వసారా చివర చల్లగదిలో నైట్రోజన్ ట్యాంకు ఉంటుంది. టెక్నీషియన్ నవనీత అక్కడ గాజుసామాను కడుగుతోంది. కిరణ్మయి మందపాటి గ్లౌజులు తొడుక్కుని మూత ఎత్తింది. తెల్లటి పొగ అంచుల మీంచి జారి నేలమీద పరుచుకుంది. సీతాబాయి గొట్టం ఉన్న కడ్డీ ఎక్కడుందో ఆమెకు చూడకుండానే తెలుసు. పైకి లాగింది. పొగ పలచబడేదాకా ఆగింది.

గొట్టం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

పక్క కడ్డీ లాగింది. ఆ పక్కది కూడా లాగింది. అన్నీ ఉన్నాయి. సీతాబాయిది ఒక్కటే లేదు.

“ఆ గొట్టం కోసమా మేడం?” నవనీత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “సార్ తీసుకెళ్ళారండి, ఇందాకే. మీకు తెలుసన్నారు.”

కిరణ్మయి ఊపిరి పీల్చుకుంది. చూసుకుంటానన్నాడు కదా, మొదలుపెట్టేసి ఉంటాడు. “ఏ ల్యాబ్‌లోకి తీసుకెళ్ళారు?”

“ల్యాబ్‌లోకి కాదు మేడం, కిందికి. కారు తీయమని ఫోన్‌లో చెబుతున్నారు.”

“డ్రై ఐస్ బాక్సులో పెట్టుకున్నారా?”

“బాక్సు ఇస్తానంటే అక్కర్లేదన్నారండి.” నవనీతకు అప్పుడు ఏదో తేడాగా తోచింది. మాట నెమ్మదించింది. “చేతిరుమాల్లో చుట్టుకుని జేబులో వేసుకున్నారు.”

కిరణ్మయి చేతిలోంచి కడ్డీ ట్యాంకులోకి జారిపోయింది. అలా మెల్లగా కరిగిన ముక్క కాసేపట్లో చచ్చిపోతుంది. ఈ ఎండలో అంతసేపు కూడా పట్టదు. గ్లౌజు పళ్ళతో లాగేసి ఫోన్ చేసింది. రెండోసారి మోగగానే ఎత్తాడు.

“భోంచేశారా అండి?”

“సార్, ఎక్కడున్నారు? ఆ గొట్టం వెంటనే వెనక్కి తీసుకురండి. అది కరిగిపోతుంది సార్!”

అవతల కారు ఏసీ చప్పుడు వినిపించింది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

“తెలుసండి,” అన్నాడు ఉదయ్ భాస్కర్, ఎప్పటిలాగే మెత్తగా. ఫోన్ పెట్టేశాడు.

ఆ ముక్క బతికుంటేనే కదా ల్యాబ్ చెప్పిన మాట తప్పని బయటపడేది! కిరణ్మయి ట్యాంకు మూత వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడింది. నేలమీద పొగ ఇంకా కదులుతోంది. వసారాలోంచి అడుగులు వినిపించాయి. చెప్పుల చప్పుడు లేదు, గుడ్డ నేలకు రాసుకుంటున్న చప్పుడు. కూతురి భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ ఓర్చుకుంటూ వచ్చి, సీతాబాయి గాజు తలుపు దగ్గర ఆగింది. తెల్లటి పొగను చూసి ఆవిడ ముఖం విచ్చుకుంది.

“గిండ్లనే ఉన్నదా బిడ్డా నాది? ఒక్కపాలి చూపియ్యరాదు.”